పసుపు పూసిన నావ

లక్ష్మీరాజం పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రేవు ఒడ్డున దుకాణం పెట్టుకున్నవాడికి దొంగలూ కనబడతారు, దొరలూ కనబడతారు. తూకంలో మోసం చేసినవాళ్లను చూశాను, మాట తప్పినవాళ్లను చూశాను. కానీ గంగమ్మ తల్లిని అడ్డం పెట్టుకుని మోసం చేసినవాణ్ని మాత్రం ఒక్కణ్నే చూశాను. వాడు చేసింది ఒక ఎత్తు, మా ఊరి పెద్దలు చేసింది ఇంకో ఎత్తు. ఎవరి మీద ఎక్కువ కోపమని అడిగితే నేను చెప్పలేను.

మా ఊరు తుమ్మలరేవు, గోదావరి ఒడ్డున ఉంటుంది. ఈ ఒడ్డు కరీంనగర్ జిల్లా, ఆ ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. ఆ ఒడ్డున దిగితే లక్షెట్టిపేట అంగడికి బాట. నడుమ ఉన్న ఏటిని దాటించేది చంద్రవ్వ. ఇన్నిసార్లు దాటితే ఇంత అనే లెక్క మా దగ్గర లేదు. కోతలయ్యాక రెండు ఒడ్ల ఊళ్లవాళ్లూ కల్లాల దగ్గర ఆమెకు వడ్లు కొలిచేవాళ్లు. ఆమె, ఆమె ఇద్దరు ఆడపిల్లలు, మరిది హనుమండ్లు ఏడాదంతా తినేవి ఆ గింజలే. నావ నడవకపోతే గింజ లేదు. ఇదీ కట్టుబాటు.

ఆమె మొగుడు కామెర్లతో పోయాడు. దినాలు కాగానే నావ తోసే గెడ తన చేతిలోకి తీసుకుంది. ఆడది, అందులోనూ మొగుడు పోయినది, గెడ పట్టడమేమిటని ఊరు నసిగింది. "అయితె ఈదుకుంట పోండ్రి" అన్నది చంద్రవ్వ. ఈదే ధైర్యం లేక అందరూ నోరు మూసుకుని నావెక్కారు. ఆ తర్వాత కూడా ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టే ఉండేది మా వాళ్ల తీరు. ఎక్కేటప్పుడు "అక్కా, జర జాగ ఇయ్యి" అనేవాళ్లు, దిగాక ఎదురొస్తే అపశకునమని పక్కకు తిరిగేవాళ్లు. ఆమె వాళ్ల వీపుకు వినబడేలా తిట్టేది. చంద్రవ్వ నోరంటే రెండు ఒడ్లకూ భయమే.

ఆంధ్రప్రదేశ్ అయిన మూడో నాలుగో ఏడు, భాద్రపదంలో వచ్చిన వరద ఆమె పాత నావను రాయికేసి కొట్టింది. దొరికినవి పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాలేదు. కొత్త నావ చేయించాలంటే టేకు కావాలి, వడ్రంగి కావాలి, నెలల పని. అవతల కోతలు దగ్గరపడ్డాయి. అప్పుడు తెలిసింది, మా ఊరికి రెండు మైళ్లు ఎగువన ఉంటూ వెదురు గుత్తకు తీసుకునే లక్ష్మీరాజం తన నావ అమ్ముతున్నాడని. వెదురు మోసిన నావ, పొడుగ్గా, నిండుగా ఏట్లో పోతుంటే చంద్రవ్వ ఎన్నోసార్లు చూసింది. పాడి బర్రెను, మొగుడు చేయించిన వెండి కడియాలను ఇచ్చి ఆ నావ తీసుకోవాలని నిర్ణయించుకుంది. బేరానికి ఒక మనిషి వెంట ఉండాలని నన్ను రమ్మంది. దుకాణానికి తాళం వేసి నేనూ పోయాను.

మేము పోయేసరికి నావ మెరిసిపోతోంది. ఎర్రటి జాజు రంగు పూశారు. ముక్కు మీద అరచేతి మందాన పసుపు, దాని మీద కుంకుమ, మామిడాకులు, పూలదండ. చంద్రవ్వ నీళ్లలోకి దిగబోయింది.

"ఆగు ఆగు చంద్రవ్వా" అని లక్ష్మీరాజం రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "పూజైన నావ. నీకు నేను చెప్పాలెనా?"

మా ఏటి మీద ఒక ఆచారం ఉంది. పసుపు పూసి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టిన నావ దగ్గరికి మొగుడు పోయిన ఆడది ఆ పొద్దు గుంకేదాకా రాకూడదు. ముత్తైదువ ముందు అడుగు పెట్టాలి. అందుకే ఎవరైనా నావ కొనేటప్పుడు మొదట చూసుకుంటారు, తట్టుకుంటారు, బేరం తెంపుకుంటారు, ఆ తర్వాతే పూజ. పూజ చేసేది కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు కాదు.

"కొన్నోళ్లు గద రాజమయ్యా పూజ చేసేది?" అన్నది చంద్రవ్వ.

"మంచి గడియ దాటిపోతదని పొద్దుగాలనే మా ఇంటామెతోని చేయించిన. నీ మంచి కోరే చేసిన. నీకేం ఫికర్? నీ మరిది మొగోడు లేడా, చూసుకోనియ్యి."

నావలో ఏ పలక ఎక్కడ నీరు తాగుతుందో చెవి పెట్టి చెప్పగల మనిషి గట్టు మీద నిలబడిపోయింది. హనుమండ్లు నావెక్కాడు. హనుమండ్లు సంగతి చెప్పాలంటే, మనిషి మంచివాడు, మెదడు మాత్రం దేవుడు తొందరలో పెట్టాడు. లక్ష్మీరాజం వాణ్ని "హనుమండ్లు పటేలా" అన్నాడు, మంచం వాల్చాడు, చాయ్ తెప్పించాడు. పుట్టి బుద్ధెరిగాక వాణ్ని పటేలా అన్నవాడు లేడు. వాడు నావలో రెండడుగులు వేసి, గెడతో రెండుసార్లు తట్టి, "మస్తుందొదినె" అన్నాడు. లోపల అడుగంతా కొత్త పలకలు పరిచి ఉన్నాయి. నాకూ బాగానే కనబడింది. నాకు ఉప్పు, బెల్లం తెలుసు కానీ నావ తెలియదు. లక్ష్మీరాజం బర్రెను, కడియాలను పుచ్చుకుని, గెడ తీసి హనుమండ్లు చేతిలో పెట్టాడు. గెడ చేతులు మారితే బేరం ముగిసినట్టు.

ఆచారం ప్రకారం చంద్రవ్వ నావెక్కలేదు. హనుమండ్లు ఒక మనిషి సాయంతో నావను దిగువకు తోలుకుంటూ వస్తే, ఆమె ఒడ్డు వెంబడి నడిచింది. నేనూ వెంట నడిచాను. దారి పొడుగునా ఆమె కన్ను నావ మీదే ఉంది. కొంతదూరం పోయాక ఆగి, "అన్నా, ఉత్త నావ గంత లోతు మునుగుతదా?" అని నన్నడిగింది. తర్వాత మాట్లాడలేదు. చంద్రవ్వ మాట్లాడకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

మరునాడు పొద్దున నావను ఒడ్డుకు లాగి, ఒరిగించి, అడుగున కత్తి పెట్టింది. కత్తి పిడిదాకా దిగింది, మాగిన బొప్పాయిలోకి దిగినట్టు. జాజు రంగు కింద గుగ్గిలం, గుగ్గిలం కింద నూనెగుడ్డలు, గుడ్డల కింద పుచ్చిన కొయ్య. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. లోపల ఆ పుచ్చును దాచడానికే కొత్త పలకలు పరిచారు.

ఆ రోజే తిరిగి పోయి లక్ష్మీరాజం ఇంటి ముందు నిలబడింది. "నా బర్రెను నాకియ్యి. నా కడియాలు నాకియ్యి" అన్నది. వాడు గడప దాటి కూడా రాలేదు. "పూజైనంక, గెడ చేతికిచ్చినంక మాట లేదు. గంగమ్మను తప్పు పడుతున్నవా?" అన్నాడు. ఊరి పెద్ద రాజయ్య పటేల్ దగ్గరికి పోయింది. కత్తి గాటు చూపిస్తానంది. "గాటు నువ్వే పెట్టినవాయె. బేరం కుదిరినంక మనసు మారి నువ్వే పొడిచినవని ఆయన అంటుండు" అన్నాడు పటేల్. అట్లయితే లోపలి పలకలు ఊడదీసి చూడండి అంది. అందరూ చెవులు మూసుకున్నారు. పూజైన నావకు ఏడాది తిరిగేదాకా పలక ఊడదీయరాదు, ఊరికి అరిష్టం. అదీ ఆచారమే. దొంగకు ఊరి ఆచారాలన్నీ తెలుసు. ఊరివాళ్లకు దొంగ ఎవడో తెలుసుకోవాలని లేదు.

మరి చంద్రవ్వే ఊడదీయొచ్చు కదా అని మీరనొచ్చు. మనుషుల మీద ఆమెకు భయం లేదు కానీ గంగమ్మ మీద ఉంది. ఆమె బతుకే ఆ నీళ్ల మీద. పిల్లలు ఆ ఏట్లోనే స్నానం చేస్తారు. అందుకే ఊడదీయలేదు. గాటును గుగ్గిలంతో మూసి నావను రేవులో కట్టేసింది కానీ, అందులో ఒక్క మనిషిని కూడా ఎక్కించనంది. వెదురు తెప్ప కట్టి ఇద్దరిద్దరిని దాటించింది. బరువున్నవాళ్లు, మూటలున్నవాళ్లు రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు, నడిచి ఎగువ రేవుకు పోవాల్సి వచ్చింది. మొదట విసుక్కున్నారు, తర్వాత తిట్టారు. కట్టేసి ఉన్న నావ ఎర్రగా నిగనిగలాడుతుంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? మొండిది, పొగరుబోతు, నావ చేతగాక నావకు వంక పెడుతోంది అన్నారు. వడ్లు కల్లాలకు వచ్చాయి. ఆమె చాట పట్టుకుని కల్లం కల్లం తిరిగింది. "నావ నడవని, కొలుస్తం" అన్నారు. ఏ పుచ్చిన నావలో తమ పిల్లలను ఎక్కించనందో, ఆ పిల్లల తండ్రులే అన్నారు ఆ మాట. రాజయ్య పటేల్ ఇంకో మాట కూడా చెప్పించాడు. హోలీ నాటికి నావ నడవకపోతే రేవు వేరేవాళ్లకు ఇస్తారట.

ఆ చలికాలమంతా ఆ ఇంట్లో జొన్న గటకే. ఒకరోజు హనుమండ్లు మెల్లగా అన్నాడు, "వదినె, మనం గూడ మల్ల రంగేసి, పసుపు రాసి అమ్మేస్తె? చెన్నూరు దిక్కు ఎవలో నావకు తిరుగుతున్నరట."

చంద్రవ్వ చేతిలో తెడ్డు ఉంది. హనుమండ్లు మూడు రోజులు ఎడమ పక్కకు తిరిగి పడుకోలేదు.

మాఘమాసం వచ్చింది. ఒక పొద్దున రేవు మీద బాజాలు వినబడ్డాయి. బయటికి వచ్చి చూస్తే పెళ్లివాళ్లు. ముందు గూడు కట్టిన కచ్చడం బండి, దానికి కొమ్ములకు రంగులేసిన తెల్లటి ఎడ్ల జత. బండిలో పెళ్లికూతురు బాలలక్ష్మి, పక్కన పెళ్లికొడుకు. బండి ముందు తలపాగా చుట్టుకుని నడుస్తున్నవాడు లక్ష్మీరాజం. కూతుర్ని ఆ ఒడ్డు ఊరికిచ్చి పెళ్లి చేశాడట, అత్తగారింటికి దిగబెట్టడానికి బయలుదేరాడు. మంచి గడియ లోపల గడప తొక్కాలి. ఎగువ రేవులో దాటి ఆ ఒడ్డున మళ్లీ కిందికి రావాలంటే గడియ దాటుతుంది. అందుకని మా రేవుకు వచ్చాడు. ఎంత ధైర్యం! చేసిన పాపం వాడు మరిచిపోయాడో, ఒక విధవరాలు ఏం చేయగలదులే అనుకున్నాడో. పెళ్లికొడుకు తండ్రి సాంబయ్య, ఆ ఒడ్డు రైతు, వెనక నిమ్మళంగా నడుస్తున్నాడు. రాజయ్య పటేల్ ఎదురుపోయి నమస్కారాలు పెట్టాడు. సగం ఊరు రేవు మీదికి దిగింది.

"ఏమే చంద్రవ్వా, నావ తియ్యి. గడియ దాటుతది" అన్నాడు లక్ష్మీరాజం.

చంద్రవ్వ తెప్ప మీద నుంచి లేచి వచ్చింది. "ఏ నావ?"

"గదేంది కట్టేసున్నది? నావ గాదా?"

"గది నువ్వు అమ్మిన నావ రాజమయ్యా. అండ్ల మనుషులను ఎక్కియ్యొచ్చునా? గిందరి ముంగట నీ నోటితోని చెప్పు. మంచిదంటె మంచిది, పుచ్చిందంటె పుచ్చింది. నువ్వు ఏది చెప్తె గదే చేస్త."

బాజాలు ఆగిపోయాయి. ఆమె ఎందుకట్లా అడిగిందో నాకు అర్థమైంది. కన్నబిడ్డను ఎక్కించాల్సి వస్తే అయినా వాడి నోట నిజం వస్తుందని ఆమె ఆశ. బర్రె పోయింది, కడియాలు పోయాయి, గింజలు పోయాయి, రేవు పోబోతోంది. ఆ ఒక్క మాట వస్తే ఊరు నమ్ముతుంది.

లక్ష్మీరాజం వియ్యంకుడి వైపు చూశాడు. పటేల్ వైపు చూశాడు. మీసం దువ్వి నవ్వాడు. "బంగారమసొంటి నావ. ఆడరాక మద్దెల ఓడన్నట్టు, నడుపరాక నావ మీద పెడుతది. ఎక్కు బిడ్డా, ఎక్కు."

పెళ్లికూతురు దిగింది. ఒడిలో బియ్యం, చేతిలో కొబ్బరికాయ, కాళ్లకు పారాణి. తండ్రి చెప్పాడు కాబట్టి ఎక్కి కూర్చుంది. పెళ్లికొడుకు ఎక్కబోతున్నాడు. చంద్రవ్వ లక్ష్మీరాజం ముఖం వైపే చూస్తోంది. ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అని నేనూ చూశాను. వాడు ఆపలేదు.

"దిగు!" అని చంద్రవ్వ అరిచిన అరుపుకు ఎడ్లు బెదిరాయి. నీళ్లలోకి దూకి, బాలలక్ష్మి రెక్క పట్టుకుని బయటికి గుంజింది. కొబ్బరికాయ నీళ్లలో పడింది. ఒడ్డంతా ఒక్కటే కేక. "అయ్యో, ముండమోసింది పెండ్లిపిల్లను ముట్టె!" లక్ష్మీరాజం చెయ్యెత్తాడు. "నీ చెయ్యి ఇరుగగొడ్త" అంటూ మీదికి వచ్చాడు. చంద్రవ్వ గెడ అందుకుంది. వాణ్ని కొడుతుందనుకుని అందరూ వెనక్కి తగ్గారు. వాణ్ని చూడను కూడా చూడలేదు. నావెక్కి, నడుమ నిలబడి, గెడను రెండు చేతులా పైకెత్తింది.

"తల్లీ గంగమ్మా, నాది తప్పయితె నన్ను ముంచు" అన్నది. గెడ అడుగున ఇనుప పొన్ను ఉంటుంది. ఒక్క పోటు పొడిచింది. కొత్త పలక పటేలుమని పగిలింది. దాని కింది పలకకు చప్పుడే లేదు. గెడ అందులోంచి దిగి ఇసుకలో గుచ్చుకుంది. నల్లటి నీళ్లు, నూనెగుడ్డలు, గుగ్గిలం ముక్కలు బుసబుసమని పైకొచ్చాయి. మేము చూస్తుండగానే నావ నిండి మోకాలి లోతు నీళ్లలో కూర్చుంది. ఆమె అందులో నిలబడి ఏడ్చింది. కోపం వచ్చినా ఏడుపు వచ్చినా ఆమెకు ఒకటే ముఖం, కానీ ఆ పొద్దు నాకు తేడా తెలిసింది.

సాంబయ్య నీళ్లలోకి వంగి ఒక కొయ్యముక్క తీశాడు. వేళ్ల నడుమ నలిపితే పిండయింది. దాన్ని పటేల్ చేతిలో పెట్టాడు. పటేల్ చూశాడు, పారేశాడు, చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. ఇప్పుడైనా న్యాయం మాట్లాడతాడనుకున్నాను.

"గది గట్లుండనియ్యి గని, నువ్వు పెండ్లిపిల్లను ముట్టుడు మాత్రం తప్పే చంద్రవ్వా" అన్నాడు.

నాకు ఆ క్షణాన పటేల్‌ను ఎత్తి ఏట్లో వేయాలనిపించింది. నిజంగా అనిపించింది.

"ముట్టకపోతె గీపాటికి ఏట్ల దేవులాడుతుంటిరి పటేలా" అన్నది చంద్రవ్వ.

అప్పటిదాకా తడిసిన చీరతో నిలబడి ఉన్న పెళ్లికూతురు తన తండ్రి ఎదుటికి వచ్చింది. నిండా పద్దెనిమిదేళ్లుండవు. "బాపూ, నీకు ఎరుకేనా?"

లక్ష్మీరాజం ఏటి వైపు చూశాడు.

"నీకు ఎరుకై నన్ను ఎక్కమన్నవా?"

బాజాలవాళ్లు, బండివాళ్లు, వియ్యాలవారు, ఊరు, అందరూ వాడి నోటి వైపే చూస్తున్నారు. "ఒక్కసారికి ఏంగాదనుకున్న బిడ్డా" అన్నాడు.

చంద్రవ్వ అన్ని నెలలు కాచుకున్న నిజం అది. వచ్చింది. విని ఆమె తూ అని నీళ్లలో ఉమ్మింది. "నీ బిడ్డకు ఒక్కసారి. నా రేవుల రోజు దాటేటోళ్లు ఎవ్వల బిడ్డలు లక్ష్మీరాజం?" అన్నది. అంతవరకూ అయ్యా అన్న నోరు అయ్యా అనడం అక్కడితో మానేసింది.

బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంది. బండివాడి వైపు తిరిగి "ఎడ్లను విప్పు" అన్నది. వాడు లక్ష్మీరాజం ముఖం చూశాడు. "ఆయన దిక్కు సూడకు. గియ్యి బాపు నాకు పెట్టిన ఎడ్లు. నాయి. చంద్రవ్వకియ్యి, నావ చేయించుకుంటది."

"అమ్మాయీ, గింత మందికి తెప్ప ఆగదు, ఎగువ రేవుదాక నడువాలె మరి" అన్నాడు సాంబయ్య.

"నడుస్త మామా."

సాంబయ్య ఎడ్ల దగ్గరికి నడిచాడు. "పిల్ల మాట బరోబరే" అని తనే వంగి కాడి విప్పాడు.

పగ్గాలు చేతికొచ్చినా చంద్రవ్వ కోపం దిగలేదు. మంచి మాట చెప్పడం ఆమెకు అలవాటు లేదు. "ఏడువకు. ఏడిస్తె బాట కనవడది" అని పెళ్లికూతుర్ని కసిరింది. బాలలక్ష్మి తల ఊపి, చెప్పులు లేని కాళ్లతో ఏటి ఇసుకలో ఎగువకు నడక మొదలుపెట్టింది. పెళ్లికొడుకు, అత్తింటివాళ్లు వెనక నడిచారు. బాజాలు మోగలేదు. అందరికన్నా వెనక లక్ష్మీరాజం తలపాగా చంకలో పెట్టుకుని ఉరుకుతూ పోయాడు.

"బిడ్డా, రెండు కోసులుంటది. గీ ఇసుకల కాళ్లు పుండ్లయితయి బిడ్డా!"

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. "ఒక్కసారికి ఏంగాదు బాపూ" అన్నది.